అరవై ముక్కల్లో సముద్రం

(విజయనగరంలో కార్డు ఆటల అభిమానుల సమావేశంలో ఒక గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. ఒకే థీమ్‌కు కట్టుబడి కార్డుల డెక్‌ను ఎలా కట్టుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ హాలులో రెండు రకాల శ్రోతలు ఉన్నారని కనిపిస్తూనే ఉంది. వెనుక వరుసల్లో కూర్చున్న విద్యార్థుల్లో కొందరు ఈ ఆటలో నాకంటే చెయ్యి తిరిగినవారు. ముందు వరుసల్లో ఉన్న తల్లిదండ్రుల్లో చాలామందికి పేక అంటే రమ్మీ, తురుపు మాత్రమే తెలుసు. పిల్లలు ఈ రంగురంగుల కార్డుల మీద డబ్బు ఎందుకు తగలేస్తున్నారో తేల్చుకుని పోదామని వారు వచ్చారు. వారి కోసం ముందుగా ఆట స్వరూపాన్ని క్లుప్తంగా చెప్పి, ఆ తర్వాత అసలు సంగతికి వస్తాను. వెనుక వరుసల వారు కాసేపు ఓపిక పట్టాలి.

రమ్మీలో పేక అందరిదీ ఒకటే. ఎవరి చేతికి ఏ ముక్క వస్తుందన్నది పంపకాన్ని బట్టి ఉంటుంది కనుక, ఆటగాడి తెలివికి పని ముక్కలు చేతికి వచ్చిన తర్వాతే మొదలవుతుంది. సేకరణ కార్డుల ఆటల్లో ఎవరి పేకను వారే ఇంటి దగ్గర కట్టుకుని తెచ్చుకుంటారు. ఆటలో సగం అక్కడే, ఎదుటివాడు లేకుండానే జరిగిపోతుంది. ఈ తరహా ఆటలకు మొదటిదైన మ్యాజిక్: ది గ్యాదరింగ్‌ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే అమెరికన్ సంస్థ 1993లో విడుదల చేసింది. దాన్ని రూపొందించిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితంలో డాక్టరేటు పొందిన వ్యక్తి కావడం మా అధ్యాపక వర్గానికి కొంత గర్వకారణం. తర్వాత జపాన్‌లో 1996లో పోకెమాన్ కార్డుల ఆట, 1999లో యు-గి-ఓ కార్డుల ఆట వచ్చాయి. నేను ఈ రోజు ఎక్కువ ఉదాహరణలు మ్యాజిక్ నుంచే తీసుకుంటాను, ఎందుకంటే థీమ్ మీది మోజుకూ గెలవాలన్న కోరికకూ మధ్య జరిగే పెనుగులాట అందులో అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

మ్యాజిక్‌లో మామూలు డెక్‌కు కనీసం 60 కార్డులు ఉండాలి. ఒకే పేరున్న కార్డును నాలుగుకు మించి పెట్టకూడదు. మైదానం, ద్వీపం, చిత్తడినేల, పర్వతం, అడవి అనే మౌలిక భూములకు మాత్రం ఈ పరిమితి లేదు. ఆటగాళ్లు ఇద్దరూ చెరి 20 ప్రాణాంకాలతో, చేతిలో ఏడేసి కార్డులతో మొదలుపెడతారు. తమ వంతు వచ్చినప్పుడల్లా డెక్ పైనుంచి ఒక కార్డు తీసుకుని, చేతిలో భూమి ఉంటే ఒకదాన్ని బల్ల మీద పరుస్తారు. భూముల నుంచి పుట్టే శక్తి పేరు మానా. ద్వీపం నుంచి నీలి మానా, పర్వతం నుంచి ఎర్ర మానా అన్నట్లు భూమిని బట్టి దాని రంగు మారుతుంది, కార్డులకూ అవే రంగులుంటాయి. ప్రతి జీవికీ, ప్రతి మంత్రానికీ మానాలో ఒక ఖరీదు ఉంటుంది. ఖరీదు పెరిగిన కొద్దీ ఆ కార్డును దించడానికి మరిన్ని వంతులు ఆగాలి. ఎదుటివారి ప్రాణాంకాలను సున్నాకు తెచ్చినవారిది గెలుపు. నియమావళి మొత్తం రెండు వందల పేజీలు దాటిపోతుంది గానీ, మన చర్చకు ఈమాత్రం చాలు.

ఇక థీమ్ సంగతి. థీమ్ డెక్ కడతాననగానే చాలామంది మొదట చేసే పని బొమ్మలు చూడటం. డ్రాగన్లంటే ఇష్టమున్నవారు డ్రాగన్ బొమ్మ ఉన్న ప్రతి కార్డునూ, గుర్రాలంటే ఇష్టమున్నవారు గుర్రం కనిపించిన ప్రతి కార్డునూ ఏరుకొస్తారు. ఆ సరదాను నేను తప్పుపట్టను, కానీ అలా పోగైన కార్డులు ఆల్బమ్ అవుతాయి, డెక్ కావు. ఒక ముక్క పక్కన ఉన్నందువల్ల ఇంకో ముక్క మెరుగుపడితేనే ఆ రెండూ ఒకే థీమ్‌కు చెందినవని నేనంటాను. బొమ్మ, పేరు, కథ అన్నీ కలిసినా ఈ ఒక్కటి లేకపోతే అవి ఒకే సంచిలో పడిన వేర్వేరు కార్డులే. ఇంతకుమించి నేను ఈ రోజు చెప్పబోయే సిద్ధాంతమేమీ లేదు. మిగిలినదంతా దీన్ని ఒక నిజమైన డెక్ మీద పెట్టి చూడటమే.

అసలు థీమ్ ఉన్న పేక మనకు కొత్త కాదు. మన పొరుగున ఒడిశాలో పటచిత్రకారులు గుడ్డతో చేసిన గుండ్రటి ముక్కల మీద చేతితో బొమ్మలు వేసి గంజపా అనే పేకను నేటికీ తయారు చేస్తున్నారు. ఆ కోవకే చెందిన దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది రంగులు, ఒక్కొక్క రంగులో రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెల ముక్కలు, వెరసి 120. శ్రీకూర్మం గుడి మన పక్క జిల్లాలోనే ఉంది కనుక కూర్మావతారపు రంగు మన ప్రాంతానిదేనని సరదాగా చెప్పుకోవచ్చు. ఆ పేకలో బొమ్మలు మాత్రమే మారి ఆట మారకుండా ఉంటే అది అలంకారంతో ఆగిపోయేది. అలా ఆగలేదు. మత్స్య, కూర్మ, వరాహ, నరసింహ, వామన రంగుల్లో అంకెల వరస తలకిందులై, రాజు, మంత్రి తర్వాత ఒకటి పెద్దదీ పది చిన్నదీ అవుతుంది; మిగిలిన అయిదు అవతారాల్లో పది పెద్దది. పగటిపూట ఆడితే రాముడి రంగులో రాజు ఉన్నవాడు, రాత్రిపూట ఆడితే కృష్ణుడి రంగులో రాజు ఉన్నవాడు ఆట మొదలుపెట్టడం చాలాచోట్ల ఆచారం. అవతారాలు బొమ్మల్లోంచి దిగి ఆటలోకి వచ్చింది అక్కడే. మన డెక్‌లోనూ థీమ్ అలాగే బొమ్మలోంచి దిగి రావాలి.

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక విద్యార్థిని, సముద్రం థీమ్‌గా డెక్ కడతానని జాబితా రాసుకుని నా దగ్గరకు వచ్చింది. ఆ అమ్మాయి అనుమతితోనే ఆ డెక్ గురించి మాట్లాడుతున్నాను. మ్యాజిక్‌లో సముద్రానికి కొదవ లేదు. నీలం రంగు మొత్తం ద్వీపాల మీద, నీళ్ల మీద నడుస్తుంది. ఆమె జాబితాలో నడుము పైన మనిషి, కింద చేప అయిన మెర్‌ఫోక్ జాతి జీవులున్నారు. క్రాకెన్లు, లెవయతన్లు అనే కట్టుకథల సముద్ర రాక్షసులు, ఆక్టోపస్‌లు, సముద్ర సర్పాలున్నాయి. ఒక తిమింగలం, రెండు ఓడలు, కెరటాల బొమ్మలున్న మంత్రాలు కొన్ని ఉన్నాయి. బల్ల మీద పరిస్తే చూడముచ్చటగా ఉంది. ఆటకు కూర్చుంటే మాత్రం ఎవరితో ఆడినా ఓడిపోతోంది, ఎందుకు ఓడిపోతోందో ఆమెకు అంతుపట్టడం లేదు.

కారణం ఏమిటంటే, ఆ జాబితాలో ఉన్నది ఒక సముద్రం కాదు, రెండు. మెర్‌ఫోక్ చిన్న జీవులు. చాలావరకు ఒకటి, రెండు, మూడు మానాలకే బల్ల మీదికి దిగి, గుంపుగా చేరి, ఎదుటివాడు కుదురుకోకముందే ఆట ముగించాలని చూస్తారు. క్రాకెన్లు, లెవయతన్లు ఆరు, ఏడు, ఎనిమిది మానాల ఖరీదు చేసే మహాకాయాలు. అవి దిగేవరకు ఎదుటివాణ్ని ఆపి ఉంచడమే వాటి డెక్‌కు పని. మొదటి రకానికి భూములు తక్కువ కావాలి, రెండో రకానికి ఎక్కువ కావాలి. మొదటి రకానికి దెబ్బ తీసే తొందర కావాలి, రెండో రకానికి కాలయాపన కావాలి. ఇద్దరి మధ్య సర్దుబాటు చేయబోతే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది. ఆమె చేతిలో మొదటి వంతుల్లో దించలేని లెవయతన్ బరువుగా కూర్చుని ఉంటుంది, చివరి వంతుల్లో పనికిరాని చిన్న మెర్‌ఫోక్ వస్తుంది.

ఇంతకంటే విచిత్రం మరొకటి ఉంది. ఆమె జాబితాలో వెల్మింగ్ వేవ్ అనే మంత్రం ఉంది. 2014లో వచ్చిన ఆ కార్డు ఖరీదు నాలుగు మానాలు. క్రాకెన్, లెవయతన్, ఆక్టోపస్, సర్పం అన్న నాలుగు జాతులను మినహాయించి బల్ల మీద ఉన్న జీవులన్నిటినీ ఎవరివి వారి చేతికి తిప్పి పంపేస్తుంది. బొమ్మలో మహా కెరటం ఉంది కనుక సముద్రపు డెక్‌లో పెట్టింది. ఆ మినహాయింపులో మెర్‌ఫోక్ లేరు. ఎదుటివాడి జీవులతోపాటు మెర్‌ఫోక్ ఊరంతా సొంత కెరటానికే కొట్టుకుపోయేది. బొమ్మను బట్టి ఏరిన కార్డులు ఒకదాన్నొకటి ఎలా కొట్టుకుంటాయో చూపించడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

మెర్‌ఫోక్ కావాలో మహాకాయాలు కావాలో తేల్చుకోమన్నాను. ‘తిమింగలం లేని సముద్రం ఏం సముద్రం, మాస్టారూ?’ అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. థీమ్ కట్టేవారికి ఇష్టమైనవాటిని వదులుకోవడమే కష్టమైన పని, గెలుపు కోసం ఎవరి డెక్‌నో అలాగే ఎత్తి రాసుకునేవారికి ఆ బాధ తెలియదు. చివరికి ఆమె మెర్‌ఫోక్‌ను ఎంచుకుంది. తన దగ్గర ఉన్న కార్డుల్లో ఆ జాతివే ఎక్కువ ఉండటం దానికి ఒక కారణం. జాతి అంతా ఒకరికొకరు సాయపడేలా తయారైన కార్డులు ఈ ఆటలో మొదటి నుంచీ వారికి ఉండటం రెండో కారణం.

ఆ సాయం ఎలాంటిదో చెబుతాను. 1993 నాటి మొట్టమొదటి ముద్రణలోనే లార్డ్ ఆఫ్ అట్లాంటిస్ అనే కార్డు ఉంది. రెండు నీలి మానాలకు దిగే ఈ ప్రభువు, బల్ల మీద ఉన్న ఇతర మెర్‌ఫోక్ అందరి బలాన్నీ ఓర్పునీ ఒక్కొక్క అంకె పెంచుతాడు, పైగా వారందరికీ ద్వీపసంచారం అనే గుణం ఇస్తాడు. ఎదుటివాడి దగ్గర ఒక్క ద్వీపం ఉన్నా చాలు, ఆ గుణం ఉన్న జీవిని వాడు అడ్డుకోలేడు. తమాషా ఏమిటంటే, తొలి ముద్రణలో ఈ ప్రభువు జాతి పేరు ‘ప్రభువు’ అనే ఉంది గానీ మెర్‌ఫోక్ అని లేదు. తర్వాతి కాలంలో నియమాలు సవరించి ఆయన్నూ జాతిలో కలిపారు. ఆయన చేసే మేలు ఎదుటివాడి మెర్‌ఫోక్‌కూ అందుతుంది, ఎందుకంటే కార్డు మీద ‘ఇతర మెర్‌ఫోక్’ అని ఉందే తప్ప ‘మీ మెర్‌ఫోక్’ అని లేదు. 2012లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ది పెర్ల్ ట్రైడెంట్ అదే ఖరీదుకు అదే మేలును మన వారికి మాత్రమే చేస్తాడు. 2007 నాటి మెరో రీజెరీ మూడు మానాలకు దిగి మన వారి బలం పెంచడమే కాక, మనం మెర్‌ఫోక్ కార్డు ఆడిన ప్రతిసారీ బల్ల మీది ఒక కార్డును పడుకోబెట్టి పనిచేయకుండా ఆపగలదు లేదా నిలబెట్టి మళ్లీ పనికి సిద్ధం చేయగలదు. ఈ మూడు రకాల ప్రభువులను నాలుగేసి చొప్పున పెడితే డెక్‌లో 12 మంది ప్రభువులు. ప్రభువు పక్కన ప్రభువు దిగితే ఒకరినొకరు పెంచుకుంటారు. ఒంటరిగా ఏ ఒక్కరూ గొప్ప కార్డు కాదు. ముగ్గురు కలిస్తే ఎదుటివాడికి ఊపిరి ఆడదు. ఒక ముక్క వల్ల ఇంకో ముక్క మెరుగుపడటం అని నేను మొదట అన్నది ఇదే.

ఈ డెక్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన కార్డు జీవి కాదు. 2009లో వచ్చిన స్ప్రెడింగ్ సీస్ అనే మంత్రాన్ని రెండు మానాలు పెట్టి ఎదుటివాడి భూమి ఒకదాని మీద వేస్తే ఆ భూమి ద్వీపంగా మారిపోతుంది, మనకు అదనంగా ఒక కార్డు చేతికి వస్తుంది. ఎదుటివాడు ఎర్ర రంగు డెక్ ఆడుతూ పర్వతాల మీదే బతుకుతున్నాడనుకోండి: ఒక పర్వతం నీట మునగగానే వాడికి ఎర్ర మానా ఒకటి తగ్గింది. అంతకంటే ముఖ్యం, వాడి దగ్గర ఇప్పుడు ఒక ద్వీపం ఉంది కనుక ప్రభువు ఇచ్చిన ద్వీపసంచారం పనిచేయడం మొదలై, మన మెర్‌ఫోక్ అందరూ అడ్డులేకుండా లోపలికి నడిచి వెళతారు. సముద్రం ముందుకు వచ్చి ఎదుటివాడి నేలను ముంచడం, ఆ నీటి దారిన జలచరాలు రావడం అనే కథ మొత్తం రెండు కార్డుల నియమాల్లోనే ఉంది. బొమ్మలు తీసేసి తెల్ల కాగితాల మీద నియమాలు మాత్రమే రాసి ఆడినా అది సముద్రపు డెక్కే అని ఎవరైనా గుర్తుపడతారు. ఏ థీమ్ ఎంచుకున్నా ఇలాంటి జంట ఒకటి దొరికేదాకా వెతకమని నా సలహా. అది దొరికిన తర్వాత మిగిలిన కార్డులను దాని చుట్టూ పేర్చడం అంత కష్టం కాదు.

ఇక లెక్కలకు వద్దాం. ఇది నా వృత్తి కనుక కొంచెం విసిగిస్తాను. 60 కార్డుల డెక్‌లో ఒక కార్డు ఒక్కటే ఉంటే, మొదటి ఏడింటిలో అది ఉండే అవకాశం నూటికి 12 కంటే తక్కువ. నాలుగు ఉంటే నూటికి 40. ఒకే పని చేసే కార్డులు ఎనిమిది ఉంటే 65, పన్నెండు ఉంటే 81. మూడు రకాల ప్రభువులను నాలుగేసి పెట్టమన్నది ఇందుకే. ఏ ప్రభువు వచ్చినా పని జరుగుతుంది కనుక పేర్లు వేరైనా లెక్కలో వారంతా ఒకటే. మొదటిసారి డెక్ కట్టేవారు నచ్చిన కార్డులు అరవై రకాలు ఒక్కొక్కటి చొప్పున పెడతారు. అప్పుడు ఏ ఆటలోనూ ఏ కార్డునూ నమ్ముకోవడానికి వీలుండదు, థీమ్ కాగితం మీదే మిగిలిపోతుంది.

జాతి సాంద్రత అనే మరో లెక్క ఉంది. సిల్వర్‌గిల్ అడెప్ట్ అనే మెర్‌ఫోక్ ఖరీదు రెండు మానాలు, దిగగానే మనకు ఒక కార్డు చేతికి ఇస్తుంది. దాన్ని ఆడాలంటే చేతిలో ఉన్న మరో మెర్‌ఫోక్‌ను ఎదుటివాడికి చూపించాలి, లేదా మూడు మానాలు అదనంగా కట్టాలి. డెక్‌లో మెర్‌ఫోక్ 12 మందే ఉంటే, అడెప్ట్ ఉన్న మొదటి ఏడు కార్డుల్లో చూపించడానికి మరో మెర్‌ఫోక్ లేకపోయే అవకాశం నూటికి 27. మెర్‌ఫోక్ 26 మంది ఉంటే అదే అవకాశం నూటికి 3కు పడిపోతుంది. కార్డు అదే, దాని మీది అక్షరాలు అవే. చుట్టూ ఉన్న జనాన్ని బట్టి అది చవక కార్డో దండగ కార్డో తేలుతుంది. థీమ్‌ను సగం సగం పాటించడం కంటే అసలు పాటించకపోవడం మేలని నేను గట్టిగా చెప్పడానికి ఈ లెక్కే ఆధారం.

భూముల సంఖ్య మీద మన పిల్లలకు ఎప్పుడూ చిన్నచూపే. భూమి కార్డు మీద యుద్ధం చేసే బొమ్మ ఉండదు కనుక, ఒక భూమి తీసేసి ఇంకో జీవిని ఇరికిద్దామని చేతులు దురద పెడతాయి. 60 కార్డుల్లో 24 భూములుంటే మొదటి ఏడింటిలో ఒక్క భూమీ లేకపోవడం, లేదా ఒక్కటే ఉండటం అన్నది నూటికి 14 సార్లు జరుగుతుంది. 22 ఉంటే 19 సార్లు, 20 ఉంటే దాదాపు 25 సార్లు. అంటే నాలుగు భూములు తగ్గించినందుకు ఏడు ఆటల్లో ఒకసారి ఎదురయ్యే చిక్కు నాలుగు ఆటల్లో ఒకసారి ఎదురవుతుంది. చెడ్డ చేతిని వెనక్కి ఇచ్చి కొత్త చేతిని తీసుకునే వీలుంది. 2019 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం మళ్లీ ఏడు కార్డులు తీసుకుని ఒకదాన్ని డెక్ అడుక్కు పంపాలి. ఆ సదుపాయం ఉంది కదా అని దాని మీద బతకకూడదు. మెర్‌ఫోక్ ఖరీదు తక్కువ కనుక ఆమె డెక్‌కు 22 ద్వీపాలు పెట్టాం. నాలుగైదు మానాల జీవులతో కట్టే డెక్ అయితే నేను 24కు తగ్గనివ్వను.

ఇరవై రెండు భూములు, ఇరవై ఆరుగురు మెర్‌ఫోక్. మిగిలిన 12 స్థానాల దగ్గరే థీమ్ పట్ల మన నిజాయితీ తేలుతుంది. నాలుగు స్ప్రెడింగ్ సీస్ సరే. ఎదుటివాడు పెద్ద జీవిని దించితే ఏం చేయాలి, బల్ల మొత్తం తుడిచిపెట్టే మంత్రం వేస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నలకు జాతిలోంచి పూర్తి జవాబు దొరకదు. అందుకని ఒక మానాకు జీవిని చేతికి తిప్పి పంపే మంత్రాలు నాలుగు, ఎదుటివాడి మంత్రాన్ని రద్దు చేసేవి మూడు పెట్టాం. వాటి బొమ్మల్లో సముద్రం లేదని ఆమె మొదట ఒప్పుకోలేదు. నా వాదన ఏమిటంటే, ప్రభువుల ప్రాణాలు కాపాడే కార్డు మెర్‌ఫోక్ కాకపోయినా మెర్‌ఫోక్ పనే చేస్తోంది. ప్రతి కార్డూ థీమ్ దుస్తులు వేసుకుని రావాలని పట్టుబట్టేవారూ ఉన్నారు, వారి డెక్‌లకు ఒక అందం ఉంటుందని ఒప్పుకుంటాను. అయితే మొదటి నాలుగు వంతుల్లోనే చచ్చిపోయే డెక్ తన కథ చెప్పుకునే అవకాశం ఎక్కడిది?

చివరి స్థానం ఒకటి మిగిలింది. అందులో ఆమె స్లిన్ వోడా అనే లెవయతన్‌ను పెట్టింది. 2018లో వచ్చిన ఈ మహాకాయం ఖరీదు ఎనిమిది మానాలు, మరో రెండు అదనంగా కడితే దిగిన వెంటనే మెర్‌ఫోక్, క్రాకెన్, లెవయతన్, ఆక్టోపస్, సర్పం అన్న అయిదు జాతులను మినహాయించి మిగిలిన జీవులన్నిటినీ తిప్పి పంపేస్తుంది. వెల్మింగ్ వేవ్ చేసిన అన్యాయాన్ని నాలుగేళ్ల తర్వాత రూపకర్తలే సరిదిద్దినట్లుంది. రెండు సముద్రాలనూ కలిపే కార్డు ఇది. 22 భూముల డెక్‌లో పది మానాలు పోగయ్యేసరికి ఆట ఎప్పుడో ముగిసిపోతుంది కనుక, నా లెక్క ప్రకారం ఆ స్థానంలో నాలుగో రద్దు మంత్రం ఉండాలి. ఆమె వినలేదు. డెక్ ఆమెది.

మిగతా ఆటల గురించి కొద్దిగా చెబుతాను. యు-గి-ఓలో మానా లేదు, భూములు లేవు. ప్రధాన డెక్‌లో 40 నుంచి 60 కార్డులు, ఒక్కొక్కటి మూడుకు మించకుండా ఉంటాయి. అక్కడ చాలా థీమ్‌లు పేరును బట్టి నడుస్తాయి: ఫలానా మాట పేరులో ఉన్న కార్డును డెక్‌లోంచి వెతికి తెచ్చుకో అని కార్డే చెబుతుంది. అందువల్ల థీమ్ దాటి పోదామన్నా ఆటే పోనివ్వదు. కట్టడం తేలిక, సొంత ఊహకు చోటు కొంత తక్కువ. పోకెమాన్‌లో సరిగ్గా 60 కార్డులే ఉండాలి, మౌలిక శక్తి కార్డులు తప్ప ఏ పేరైనా నాలుగుకు మించరాదు. ఒకటి రెండు శక్తి రకాలకు పరిమితమైతే థీమ్ సగం దానంతటదే ఏర్పడుతుంది. 2024లో ఫోన్లలోకి వచ్చిన పోకెమాన్ పాకెట్ ఆటలో డెక్ అంటే 20 కార్డులే, ఒక్కో పేరు రెండే. ఇక్కడున్న పిల్లల్లో ఎక్కువమంది మొదట తాకింది దాన్నే అయి ఉంటుంది. చిన్న డెక్ కనుక పనికిరాని కార్డు ఒక్కటి ఉన్నా వెంటనే బయటపడుతుంది. అభ్యాసానికి అది మంచిదే.

మ్యాజిక్‌లోనే కమాండర్ అనే పద్ధతి ఉంది. ఒక నాయక జీవి, దానితో కలిపి 100 కార్డులు, మౌలిక భూములు తప్ప ఏదీ రెండోసారి ఉండకూడదు, ప్రాణాంకాలు 40. నాయకుడి రంగులు దాటి కార్డులు పెట్టకూడదు. నలుగురు కూర్చుని తీరిగ్గా ఆడుకునే పద్ధతి కనుక థీమ్ ప్రియులంతా అక్కడే చేరతారు. నాయకుడు ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు కనుక థీమ్‌కు మొదటి కార్డు ఖాయం. కానీ ఒక్కొక్కటే ఉండాలన్న నియమం వల్ల సాంద్రత లెక్క కఠినమవుతుంది. ఒకే పని చేసే వేర్వేరు కార్డులు పది పెడితే గానీ మొదటి ఏడింటిలో వాటిలో ఒకటైనా ఉండే అవకాశం నూటికి 54కు చేరదు. కాబట్టి ఆ పద్ధతిలో థీమ్ ఎంచుకునే ముందు, ఆ పని చేసే కార్డులు అసలు పది ఉన్నాయో లేదో చూసుకోవాలి. మూడే ఉంటే ఆ థీమ్ వంద కార్డులను మోయలేదు.

ముందు వరుసల వారు ఇంతసేపూ ఎదురుచూస్తున్న డబ్బు సంగతికి వస్తాను. మన రెండు జిల్లాల్లో ఈ కార్డులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే ఎక్కువ. ఫ్యాన్సీ దుకాణాల్లో చవకగా దొరికే మెరుపు పోకెమాన్ కార్డుల్లో చాలావరకు నకిలీలు. వెనుక వైపు రంగు తేడాగా ఉండటం, అక్షరదోషాలు ఉండటం, అంచును దగ్గరగా చూసినప్పుడు రెండు పొరల మధ్య సన్నటి ముదురు గీత కనిపించకపోవడం వాటి లక్షణాలు. చిన్న పిల్లలు ఇంట్లో ఆడుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, అసలు వాటి ధర పెట్టి కొనకండి.

అసలు కార్డులను ప్యాకెట్లలో కొంటే లోపల ఏముందో తెరిచేవరకు తెలియదు. కోరుకున్న మెర్‌ఫోక్ కోసం ప్యాకెట్లు చింపుకుంటూ పోవడం ఖర్చుకు అంతులేని దారి. తల్లిదండ్రులకు నచ్చే మాట ఒకటి ఇక్కడ చెప్పాలి: థీమ్ ఉన్నవాడు తక్కువ కొంటాడు. కొత్తగా వచ్చిన ప్రతి సెట్‌లో వందల కార్డులుంటాయి, వాటిలో తన డెక్‌కు పనికొచ్చేవి నాలుగో అయిదో అని అతనికి తెలుసు, ఆ నాలుగైదింటిని విడిగా కొనుక్కుని మిగతా సెట్‌ను పట్టించుకోడు. థీమ్ లేనివాడికి అన్నీ కావాలనిపిస్తాయి. అరుదైన కార్డులన్నీ బలమైనవని కూడా అనుకోకండి. అరుదు అన్నది ముద్రణలో ఎంత తక్కువగా వస్తుందో చెబుతుందే గానీ మీ డెక్‌లో ఎంత పని చేస్తుందో చెప్పదు. సాధారణ శ్రేణి కార్డులతోనే ఆడే పాపర్ అనే పద్ధతిని 2019లో కంపెనీయే అధికారికంగా గుర్తించింది. విద్యార్థులకు నేను మొదట సూచించేది దాన్నే.

కొనే ముందు పరీక్షించడానికి ఖర్చే అక్కర్లేదు. పాత కార్డు మీద కాగితం ముక్క పెట్టి, కార్డు పేరు, ఖరీదు, నియమం చేత్తో రాసి, ప్లాస్టిక్ కవరులో దూర్చి స్నేహితులతో ఆడుకోవచ్చు. అధికారిక పోటీల్లో అవి చెల్లవు, ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. మెరో రీజెరీని ఆ అమ్మాయి అలా కాగితం రూపంలోనే చాలాకాలం ఆడి, నిజంగా అవసరమని తేలాకే కొనుక్కుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉచితంగా దొరికే మ్యాజిక్ అరీనాలోనూ కట్టి చూడవచ్చు, కాకపోతే పాత కార్డులన్నీ అందులో ఉండవు.

పరీక్షించేటప్పుడు ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. గెలిచామా ఓడామా అన్నది రాయడం కంటే, ఆట ముగిసేసరికి ఆడలేక చేతిలో మిగిలిపోయిన కార్డుల పేర్లు రాయడం ఎక్కువ ఉపయోగం. అదే పేరు పదే పదే వస్తుంటే ఆ కార్డుకు భూములు చాలడం లేదో, తోడు చాలడం లేదో తెలుస్తుంది. ఒకేసారి పది కార్డులు మార్చకండి. రెండు మూడు మార్చి మళ్లీ ఆడితేనే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో అర్థమవుతుంది. ఎదుట ఎప్పుడూ ఒకే స్నేహితుడు ఉంటే డెక్ ఆ స్నేహితుణ్ని ఓడించడానికి అలవాటు పడుతుంది, కాబట్టి వేర్వేరు డెక్‌లతో తలపడాలి. మెర్‌ఫోక్ డెక్ బల్ల తుడిచే మంత్రాలున్న వారి మీద కష్టపడుతుంది. వారి మీద ఆడేటప్పుడు చేతిలో ఉన్న ప్రభువులందరినీ ఒకేసారి దించకుండా ఒకరిద్దరిని వెనక ఉంచుకోవాలని ఆమెకు ఆ నోటు పుస్తకమే నేర్పింది.

పక్క బల్లల మీద ఆ డెక్‌తో పాటు మరికొన్ని పరిచి ఉన్నాయి. మెర్‌ఫోక్ డెక్‌లో ఆ చివరి స్థానం సంగతి మీరు కూడా చూసి, నాలుగో రద్దు మంత్రమా స్లిన్ వోడాయా అన్నది ఆ అమ్మాయితోనే వాదించుకోండి. మీ డెక్‌లు తెచ్చినవారు భూముల లెక్క కోసం నా దగ్గరకు రావచ్చు. ధన్యవాదాలు.